కుడిచేతి సిరా

మొన్న ఎన్నికల నాడు మా మనవరాలు జన్మలో మొదటిసారి ఓటు వేసి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నా మంచం అంచున కూలబడి, సెల్‌ఫోనులో తన ఫోటో తానే తీసుకున్నది నా ముక్కుకు తగిలేటంత దగ్గరగా పెట్టి చూడమంది. వేలు పైకెత్తి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది పిల్ల. కళ్లజోడు సర్దుకుని చూద్దును కదా, సిరా గుర్తు కుడిచేతి వేలి మీద ఉంది. ఉలిక్కిపడి ఎదురుగా ఉన్న పిల్ల చెయ్యి పట్టుకుని చూశాను; గుర్తు ఎడమచేతి వేలికే ఉంది. ఈ ఫోన్లలో ఎవరి ఫోటో వారే తీసుకుంటే ఒక్కోసారి అద్దంలో బొమ్మలాగా ఎడమ కాస్తా కుడి అయిపోతుందట, అందులో వింతేమీ లేదట, అలా అని అది చాలా ఓపికగా నాకు పాఠం చెప్పింది. నాకు వింతే మరి! ముందు నవ్వు వచ్చింది, నవ్వు కాస్తా పొలమారింది, పొలమారాక కళ్లలో నీళ్లు ఆగలేదు, పిల్ల హడలిపోయి వాళ్లమ్మను కేకేసింది, కోడలు మంచినీళ్లతో పరుగెత్తుకు వచ్చింది. ఆ ఒక్క ఫోటో నన్ను సైనిక్‌పురిలోని ఈ ఇంట్లోంచి లేవదీసి, అరవై ఏళ్లకు పైగా వెనక్కి తీసుకుపోయి, సికింద్రాబాదు సీతాఫల్‌మండి బడి మైదానంలో తెల్లగుడ్డ తెర పక్కన నిలబెట్టిందని పాపం వాళ్లకేం తెలుసు.

నా ఈడువాళ్లు, ఇంకా కళ్లూ చెవులూ మాట వింటున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, సీతాఫల్‌మండి అనగానే వాళ్లకు రైలు కూత వినిపించాలి. మా నాన్న గుంటూరు వైపు నుంచి రైల్వే ఆఫీసులో గుమాస్తాగా వచ్చి అక్కడే ఇల్లు అద్దెకు తీసుకుని స్థిరపడిపోయారు. ఇంట్లో కోస్తా మాట, వీధిలో ఈ ఊరి మాట, బజారుకు వెళితే ఉర్దూ, ఆదివారం గుడిలో పాత కీర్తనల గ్రాంథికం, ఇన్ని భాషలూ నాలుక మీద ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పెరిగాను నేను. అమ్మకు ఉబ్బసం, చలిగాలి తగిలితే చాలు మూలుగు, అందుకని బయటి ప్రపంచమంతా ఆవిడకు నా నోటి ద్వారానే చేరేది. ఊరికే వాగుడుకాయనని నాన్న విసుక్కునేవారు గానీ, ఆ వాగుడే తరువాత అక్కరకు వచ్చింది.

మా పక్క ఇల్లు పాలవాళ్లది. వాళ్లకు నాలుగు బర్రెలు, వాటి వెనక ఎప్పుడూ తడిగా ఉండే వాకిలి, ఆ వాకిలికి యజమానురాలు మా అత్తమ్మ. చుట్టరికం ఏమీ లేదు, వాళ్లు హిందువులు, మేము క్రైస్తవులం, కానీ నేను మాటలు నేర్చిన నాటి నుంచీ ఆవిడ నాకు అత్తమ్మే, ఆవిడ పెనిమిటి మామయ్యే. ఎత్తయిన మనిషి, గట్టి గొంతు, వీధిలో ఏ ఇంట్లో తగవైనా ఆవిడ గడప తొక్కాల్సిందే. అంతటి మనిషీ అన్నానికి కూర్చుంటే మొదటి ముద్ద కలిపి, కుడిచేత్తో పక్కకు తీసి పెట్టి, ఒక్క క్షణం చూసి, అప్పుడు తినేది. అది తమ్ముడి ముద్ద.

ఆ తమ్ముడి సంగతి చెప్పకపోతే తరువాతి సంగతి అర్థం కాదు. పోలీసు చర్యకు ముందటి ఆ చెడ్డ నెలలు మీకూ గుర్తుండే ఉంటాయి, పొద్దు గుంకితే తలుపులు బిగించుకోవడం, ఎవరు ఎవరి మనిషో తెలియక మాటలు మింగడం, వీధిలో బూట్ల చప్పుడైతే దీపం ఆర్పేయడం. సొంత ఊళ్లో బతకలేక అక్కగారి పంచన చేరిన ఆ కుర్రవాణ్ణి ఒకనాడు తుపాకులు పట్టుకున్న మనుషులెవరో వచ్చి తీసుకుపోయారు. ఎందుకో, ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్లు బయటికి రావద్దని మామయ్య లోపలికి నెట్టి గడియ పెడితే, అత్తమ్మ తలుపు సందులోంచి తమ్ముడి వీపు చూసింది, అంతే. తరువాత పోలీసు చర్య అన్నారు, పేరుకే పోలీసులు గానీ వచ్చింది పటాలం, సికింద్రాబాదు వీధుల్లో మిలిటరీ బండ్లు తిరిగాయి, జనం పూలు చల్లారు, కొందరు భయంతో ఇళ్లలోనే ఉండిపోయారు, ఆ ఊరేగింపునూ అత్తమ్మ ఆ తలుపు సందులోంచే చూసింది, ఆ బండ్లలో తమ్ముడు ఎక్కడైనా కనబడతాడేమోనని. కనబడలేదు. చనిపోయాడని పెద్దలకు పెట్టుకోనూ లేదు, బతికున్నాడని ధైర్యంగా అననూ లేదు, ముద్ద మాత్రం తీసి పెడుతూనే ఉంది.

రాజ్యం మారిన మూడేళ్లకు మొదటి ఎన్నికలు వచ్చాయి. ఈ రోజుల్లో పద్దెనిమిదేళ్లకే ఓటు, మాకు ఇరవై ఒకటి నిండాలి, నాకు అప్పుడే నిండాయి, మిషను బడిలో చిన్న తరగతులకు పంతులమ్మగా చేరి ఏడాది అయింది. కొత్త ఓటర్లంటే ఇప్పుడు కుర్రకారే గానీ, ఆ ఏడు మాత్రం బోసినోటి ముసలమ్మ కూడా నాకు తోడుగా కొత్త ఓటరే. నవాబుగారి రాజ్యంలో మమ్మల్ని అడిగినవాడెవడు? నిన్ను ఎవరు పాలించాలమ్మా అని ఒక మనిషి ఇంటికి వచ్చి అడుగుతాడంటే మా వీధి నమ్మలేదు, నిజం చెప్పాలంటే మా నాన్న కూడా నమ్మలేదు.

ఓటర్ల పేర్లు రాసుకోవడానికి వచ్చినవాళ్లకు తోడుగా బడి పంతుళ్లను పంపారు. అక్కడ వచ్చింది చిక్కు. ఏ గుమ్మం ముందు ఆగినా ఆడవాళ్లు ఫలానావాడి తల్లినంటారు, ఫలానావారి కోడలినంటారు, సొంత పేరు మాత్రం పెదవి దాటనివ్వరు. పరాయి మగవాడికి పేరు చెప్పడమంటే కొంగు జారినంత సిగ్గు. అలా రాస్తే ఓటు చెల్లదని అధికారి చెప్పాడు. అత్తమ్మ దగ్గర పొద్దుటి పాలకు వెళ్లినప్పుడూ, సాయంత్రం పాలకు వెళ్లినప్పుడూ నేను అదే పోరు పెట్టాను. నీ తమ్ముణ్ణి తీసుకుపోయిన నాడు నిన్నెవరైనా అడిగారా అత్తమ్మా, ఇప్పుడు అడుగుతున్నారు, పేరు చెప్పవేం అన్నాను. ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. మర్నాడు ఆవిడ గోడకేసి తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తన పేరు తాను చెప్పింది. పెళ్లయి వచ్చాక ఆ పేరు ఆ ఇంట్లో వినబడడం అదే మొదలని మామయ్య తరువాత నాతో అన్నారు. ఆవిడ చెప్పాక వీధిలో మిగతా ఆడవాళ్లూ ఒక్కొక్కరే చెప్పారు.

ఇంక సినిమా బండి సంగతి. ఓటు ఎలా వేయాలో జనానికి సినిమా తీసి చూపించాలని ఎవరికి తోచిందో గానీ, వాళ్ల కడుపు చల్లగా ఉండాలి. సర్కారువారి ప్రచారపు బండి ఒకటి మా బడి మైదానంలోకి వచ్చి ఆగింది. రెండు గుంజలు పాతి, నడుమ పలచని తెల్లగుడ్డ బిగించి, ముందు మగవాళ్లు, వెనక ఆడవాళ్లు కూర్చునే ఏర్పాటు చేశారు. అవును, తెరకు వెనకనే! ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. బయట వేసే ఆటలకు అప్పట్లో చాలాచోట్ల అదే పద్ధతి, గుడ్డ పలచన గనక బొమ్మ రెండు వైపులా పడుతుంది, ఆ వైపు బడి గోడ ఉంది గనక చాటుగానూ ఉంటుంది, పరదా పాటించే ముస్లిము ఇళ్ల వాళ్లూ, కొంగు దించని మా వీధి అత్తమ్మలూ అందరూ నిశ్చింతగా రావచ్చు. అందులో తప్పు ఎవరికీ కనిపించలేదు, నాకూ కనిపించలేదు.

సినిమాలో మాటలు హిందూస్తానీ. మా పెద్ద పంతులమ్మగారు నా వాగుడు ఎరిగిన మనిషి గనక, బొమ్మ నడుస్తుంటే మైకులో తెలుగులో చెప్పే పని నాకు అప్పగించారు. బండి పక్కన, మగవాళ్లందరి వెనక, మైకు పట్టుకుని నిలబడ్డాను. నా గొంతు మైదానం దాటి రైలు కట్ట దాకా వెళ్లి తిరిగి నాకే వినబడుతుంటే, అబ్బో, నేల మీద నిలిచానా నేను!

ఆ మొదటి ఆట ఇప్పటికీ నా కళ్లలో ఉంది. మా వీధిలో సినిమా హాలు ముఖం చూడనివాళ్లే ఎక్కువ. బండిలోంచి వెలుగు బయలుదేరి గుడ్డను తాకగానే మైదానం మొత్తం ఊపిరి బిగబట్టింది. కథ అంటూ ఏమీ లేదు. ఒక పల్లెటూరి పెద్దావిడ తెల్లవారి లేచి, జుట్టు ముడి వేసుకుని, ఇరుగుపొరుగు ఆడవాళ్లతో నడిచి వెళ్లి వరుసలో నిలబడుతుంది. చెయ్యి చాపుతుంది. వేలికి సిరా పెడతారు. అప్పుడు తెర నిండా ఆ ఒక్క వేలే, మా బడి తలుపంత వేలు, గోరు మీద గీతలతో సహా! ఎంతో మంది ముసలివాళ్లు అయ్యో అయ్యో అంటూ దణ్ణం పెట్టారు. చీటీ తీసుకుని ఆవిడ చాటుకు వెళ్తుంది, అక్కడ డబ్బాలు, అప్పట్లో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క డబ్బా, దాని మీద అతని గుర్తు, చదువు రాకపోయినా బొమ్మ చూసి నచ్చిన డబ్బాలో చీటీ వేయడమే. బయటికి వచ్చి నవ్వుతుంది. అంతే సినిమా. అంత మామూలు ఆడమనిషి మొహం అంత పెద్దదిగా, ఆకాశమంత ఎత్తున, మేమెవరమూ అంతకు ముందు చూడలేదు. నా పక్కన మామయ్య నోరు తెరుచుకుని, బీడీ ఆరిపోయినది కూడా ఎరుగక అలాగే చూస్తున్నారు.

సిరా వేలు కనిపించినప్పుడు నేను మైకులో గట్టిగా, ఎడమచేతి చూపుడువేలికి పెడతారు, దొంగ ఓట్లు పడకుండా, ఎన్నిసార్లు కడిగినా కొన్ని వారాల దాకా పోదు అని చెప్పాను. పోదు అన్న మాటను రెండుసార్లు నొక్కి చెప్పాను కూడా. ఎంత గొప్ప సిరా కనిపెట్టారో వాళ్లకు తెలియాలని నా తాపత్రయం.

మర్నాడు చెంబుతో పాలకు వెళ్లాను. ఆట ఎలా ఉందత్తమ్మా అని, మెప్పు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను. ఆవిడ బర్రె పొదుగు వదలకుండా, నా మొహం చూడకుండా, ఓటుకు రాను అంది.

"గ సిర నా చేతికి వద్దు బిడ్డ. కుడిచేతికి పెడ్తరు. అన్నం కలిపే చెయ్యి, దీపం ముట్టిచ్చే చెయ్యి, మా తమ్మునికి ముద్ద తీసే చెయ్యి. వారాలు పోదని నువ్వే చెప్తివి. గ సిరల ఏమేం కలిపిన్రో ఏమో."

ఎడమ చెయ్యి అత్తమ్మా, ఎడమ చెయ్యి, మైకులో మొత్తుకున్నాను కదా అన్నాను. ఆవిడ జాలిగా నవ్వింది.

"నువ్వు చెప్పుడు ఇన్న. కని మేమందరం కండ్లార సూసినం గద. నువ్వంటే మనిషివి, ఒక మాట అటిటు అయితది. గది బొమ్మ, గదెట్ల తప్పు చెప్తది?"

మామయ్య కూడా ఎడమ చెయ్యే అన్నారట. దానికీ ఆవిడ దగ్గర జవాబు ఉంది. మగవాళ్లకు ఎడమ, ఆడవాళ్లకు కుడి పెడతారట. లోకంలో చెయ్యి చూసి జాతకం చెప్పినా, కన్ను అదిరినా మగవాడికి కుడి, ఆడదానికి ఎడమ మంచిది గానీ, ఈ కొత్త సర్కారు అంతా ఉల్టా చేస్తోందట. నాకు ఒళ్లు మండింది. అంత కష్టపడి పేరు చెప్పించాను, ఇంత దూరం వచ్చాక వేలు దగ్గర ఆగిపోవడమేమిటి? బతిమాలాను, దెబ్బలాడాను, కొత్తగా పంతులమ్మనైన పొగరుతో ఆవిడకే పాఠం చెప్పబోయాను. ఆవిడ పాలు కొలిచి పోసి, పొంగు మీద నీళ్లు చల్లినట్లు నా మీద ఓ మాట చల్లి లోపలికి వెళ్లిపోయింది. "నాకు సుత రావాల్నని లేదా బిడ్డ? నన్ను పరేషాన్ చెయ్యకు," అంది.

అత్తమ్మ రానంటే వీధిలో ఇంకెవరు వస్తారు? సాయంత్రానికి ఆడవాళ్లంతా అదే మాట, చివరికి బడికి వచ్చే ఆయాతో సహా. మర్నాడు మా మైదానంలో ఆఖరి ఆట, ఆ తరువాత బండి యాప్రాల్ వైపు ఊళ్లకు వెళ్లిపోతుంది, ఆ పై వారమే పోలింగు. ఆడవాళ్లందరూ కట్టగట్టుకుని ఒకే అబద్ధం ఎలా చూశారో నాకు అంతు పట్టలేదు. చూస్తూ చూస్తూ అత్తమ్మ లాంటి మనిషి కళ్లను కాదనలేను. నేనే తప్పు చెప్పానేమోనని ఇంటికి వచ్చి నా రెండు చేతులూ ముందు పెట్టుకుని కూర్చున్నాను, అమ్మ నాకు జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

ఆఖరి ఆట నాడు మైకు మా తెలుగు పంతులుగారి చేతిలో పెట్టి, నేను వెళ్లి తెరకు ఆ వైపు, ఆడవాళ్ల నడుమ, అత్తమ్మ పక్కన కూర్చున్నాను. సినిమా చూడడానికి రానని ఆవిడ అనలేదు లెండి, ఓటుకే రానంది. వీధిలో ఏ ఆడమనిషీ ఏ ఆటా మానలేదు, అదొక గారడీ వాళ్లకు. సినిమా హాలుకు నాన్నతో వెళితే ఆడవాళ్ల తరగతిలో, తెరకు ఎదురుగానే కూర్చునేదాన్ని నేను, తెర వెనక కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. వెలుగు వచ్చింది. ముందుగా సినిమా పేరు తాలూకు హిందీ అక్షరాలు పడ్డాయి. ఒక్కటీ చదవడానికి రాలేదు. ఎడమ నుంచి మొదలు కావలసిన మాట కుడి నుంచి మొదలై, ఒక్కొక్క అక్షరమూ వీపు తిప్పి నిలబడి ఉంది! నా చుట్టూ ఉన్న ఆడవాళ్లెవరికీ ఆ లిపి రాదు గనక, వాళ్లకు అది తిరగబడినా ఒకటే, తిరగబడకపోయినా ఒకటే.

పెద్దావిడ లేచింది, నడిచింది. కొంగు కుడిభుజం మీద ఉంది. నిన్నటిదాకా నేను ఎడమభుజం మీద చూసిన కొంగు. అత్తమ్మా, ఆ కొంగు చూశావా అని గుసగుసగా అడిగితే, వాళ్లు మార్వాడోళ్ల లెక్క కట్టుకుంటారు కదా, మన బజారులో సేట్ల ఇళ్ల ఆడవాళ్లు వేసుకోరూ కుడివైపు, అంది ఎంతో తేలిగ్గా. ఆ ఒక్క కొంగయినా వాళ్లను హెచ్చరించి ఉండేది, మా సికింద్రాబాదు బజారు ఆ అవకాశం కూడా లేకుండా చేసింది. ఇంతలో చెయ్యి వచ్చింది. తెర నిండా వేలు. కుడిచెయ్యి! నా కళ్లతో నేను చూశాను, కుడిచేతి వేలికే సిరా పెడుతున్నారు, అవతల పంతులుగారు ఎడమచెయ్యి ఎడమచెయ్యి అని అరుస్తూనే ఉన్నారు. ఒక్క క్షణం, నిజంగా చెబుతున్నాను, అంతా తెలిసి కూడా, నేను ఆ గొంతును నమ్మలేదు, ఆ బొమ్మనే నమ్మాను. సినిమాకు ఎంత బలం ఉందో నాకు ఆ క్షణాన తెలిసినంత మళ్లీ ఎప్పుడూ తెలియలేదు.

లేచి అత్తమ్మ చెయ్యి పట్టుకుని గుంజ దగ్గరకు లాక్కుపోయాను. అక్కడికి చేరేలోపే ఆట అయిపోయింది. నేను పెద్ద పంతులమ్మగారి దగ్గరకు పరుగెత్తి, రొప్పుతూ సంగతి చెప్పి మళ్లీ వేయించమన్నాను. బండి ఆయన గొణిగాడు, దూరం పోవాలన్నాడు, పెద్ద పంతులమ్మగారు కళ్లజోడు మీదుగా ఒక్క చూపు చూసేసరికి రీలు వెనక్కి చుట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ ముందు మేమందరం అంతే.

రెండోసారి బొమ్మ పడింది. అత్తమ్మ గుంజను పట్టుకుని, తెర అంచున నిలబడింది. తల ఇటు పెట్టి చూసింది, అటు పెట్టి చూసింది. ఇటు కొంగు ఎడమ, అటు కొంగు కుడి. మళ్లీ ఇటు, మళ్లీ అటు. చెయ్యి వచ్చేసరికి ఆవిడ ఆ అంచున ఆగలేకపోయింది. కొంగు తల మీద బిగించుకుని, గుంజ చుట్టూ తిరిగి, ముందుకు, మామయ్యతో సహా వీధిలోని మగవాళ్లందరూ కూర్చున్న వైపుకు వచ్చి, తెరకు ఎదురుగా నిలబడిపోయింది. బండి వెలుగు ఆవిడ మీదే పడి, ఆవిడ నీడ ఆ పెద్ద వేలి పక్కన అంతెత్తున లేచింది. వెనక నుంచి తప్పుకోమని కేకలు, ఈలలు. ఆవిడకు వినబడితేనా! తన రెండు చేతులూ పైకెత్తి చూసుకుంది, తెర చూసింది, ఎడమచెయ్యి ముందుకు చాపింది. అప్పుడు వెనక్కి తిరిగింది.

"ఒక్కటే పర్ద. ఇటు సూస్తే ఎడమ, అటు సూస్తే కుడి," అంది. మైకు అక్కర్లేని గొంతు అది. "గిన్నేండ్లు ఏది సూసినా తలుపు సందులకెళ్లి సూసినం, పర్ద ఎనుకకెళ్లి సూసినం. ఏదన్న సక్కగ సూసినమా మేము? ఇయ్యాల మేము ముందట కూసుంటం. మీరు పోయి జెర ఎనుక కూసోన్రి."

ఎవరో ముసలాయన, ఆడవాళ్ల చోట మేము కూర్చుంటామా అని రుసరుసలాడాడు. నా చూపు మామయ్య మీద ఉంది. తన భార్య ఇంతమంది మగవాళ్ల ముందుకు వచ్చి మాట్లాడడం ఆయన ఎన్నడూ ఎరగరు, ఇప్పుడు ఆయన ఏమంటే అదే జరుగుతుంది. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచి, ఎవరి మొహమూ చూడకుండా, గుంజ పక్కగా నడిచి తెర వెనక్కి వెళ్లి కూర్చున్నారు. ఆ తరువాత ఒక్కొక్కరే లేచారు. ఆడవాళ్లు ఈ వైపుకు వచ్చారు, కొందరు బురఖాలతో, కొందరు కొంగులతో, మొహాలు దాచుకుని నవ్వుకుంటూ, కొత్త ఇంట్లో అడుగుపెడుతున్నట్లు. మూడోసారి రీలు తిరిగింది. ఈసారి మైకు నేనే తీసుకున్నాను, కానీ చెప్పాల్సింది ఏమీ లేకపోయింది, ఎడమ ఎడమ అని ఆడవాళ్లే అరిచారు. తెర వెనక నుంచి మాత్రం మగవాళ్ల గోల, అరే కుడిచెయ్యి భాయ్, ఆడోళ్లు చెప్పింది సచ్ బాత్ అని. నవ్వలేక చచ్చాం.

పోలింగు మా బడిలోనే పెట్టారు, ఆడవాళ్లకు వేరే గది. అత్తమ్మ పెళ్లికి వెళ్తున్నట్లు పట్టుచీర కట్టుకుని వచ్చి వరుసలో నా ముందు నిలబడింది. పేరు అడిగారు. గోడకు తిరగలేదు, కొంగు అడ్డం పెట్టలేదు, బయట వరుసలో ఉన్న మగవాళ్లకు కూడా వినబడేటట్లు చెప్పింది. ఎడమచెయ్యి చాపింది. ఎందుకైనా మంచిదని కుడిచెయ్యి మాత్రం కొంగులో చుట్టి వీపు వెనక దాచుకుంది. చీటీ తీసుకుని చాటుకు వెళ్లింది, ఎంతసేపటికీ రాదు. కూర్చున్న అధికారిణి పెద్దమ్మా పెద్దమ్మా అని రెండుసార్లు పిలిచింది. నాకు ఒకటే కంగారు, డబ్బాలకు దణ్ణం పెడుతూ కూర్చుందేమోనని. తీరుబడిగా, మొహం అదోలా వెలిగిపోతూ వచ్చింది. తరువాత నేనూ వెళ్లి, నా మొదటి చీటీ వేసి వచ్చాను, నా సంగతి అంతకంటే చెప్పుకోవడానికేమీ లేదు.

దారిలో అడిగాను, అంతసేపు ఏం చేశావత్తమ్మా అని.

"చీటి ఎప్పుడో ఏసిన. ఊకెనే నిలవడ్డ," అంది. "అండ్ల ఎవ్వలు లేరు బిడ్డ. అత్త లేదు, మొగడు లేడు, తుపాకి లేదు. ఎన్నడు సూసినా పర్ద ఎనుక నేనుంటి, అవుతల ఏమైతున్నదో అని గుండె కొట్టుకుంటుంటి. ఇయ్యాల నేను ఎనుకున్న, సర్కారు బయట కూసోని నా కోసం సూస్తున్నది. ఇంకింతసేపు సూడని అనుకున్న."

ఆ సాయంత్రం పాలకు వెళ్లేసరికి ఆవిడ అన్నానికి కూర్చుని ఉంది. ఎడమచెయ్యి మోకాలి మీద పెట్టుకుంది, వేలి మీద నల్లటి గుర్తు. కుడిచేత్తో ముద్ద కలిపి పక్కకు తీసి పెట్టింది. రోజూ ఊరికే చూసేది, ఆ రోజు మాత్రం ఆ ముద్దతో మెల్లగా, అడిగిన్రు తమ్మి, ఇయ్యాల నన్ను అడిగిన్రు అని చెప్పింది. నేను చెంబు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఇదంతా మనవరాలికి చెప్పేసరికి చీకటి పడింది. పిల్ల బుద్ధిగానే విన్నది. విని, ఫోను తీసి, ఒక్క మీట నొక్కింది, ఫోటో గిరుక్కున తిరిగి సిరా ఎడమచేతికి వచ్చింది. ఇదిగో నానమ్మా, సరిచేశాను, అంది. ఇంత తేలికా! ఆశ్చర్యమే, కాదనను. ఇప్పుడు తెరకు ముందూ వెనకా లేవు, ఎవరి తెర వారి అరచేతిలోనే ఉంది, ఓటు ఎలా వేయాలో చెప్పే సినిమా కూడా దానిలోకే వచ్చి పడుతుందట, పిల్ల దాన్ని ఒంటరిగా చూసి, సగంలో ఆపి, ఇంకోటి చూస్తుంది. ఆ వేలు చూసి అయ్యో అయ్యో అని దణ్ణం పెట్టేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు, ఉండాల్సిన అవసరమూ లేదు. నాకే ఎందుకో ఆ మీట నచ్చలేదు. మా అత్తమ్మ ఎడమను ఎడమగా చూడడానికి వీధి వీధంతా కేకలు వేస్తుండగా ఆ గుంజ చుట్టూ నడిచి వచ్చింది. పిల్ల ఫోనులోని సిరా వేలిని చూస్తుంటే, దాని పక్కన కొంగు బిగించుకున్న ఒక నీడ కూడా పడుతుందేమోనని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.